ఎనిమిదా, రెండా? ప్లాస్మా భ్రమణ సిద్ధాంతాన్ని ప్రయోగంతో సరిచూసేటప్పుడు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2 టెస్లాల అయస్కాంత క్షేత్రంతో నడిచే మధ్యతరహా టోకమాక్‌లో (వేడి ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో చక్రాకారంలో బంధించే సంలీన యంత్రంలో), తటస్థ కిరణపుంజంతో వేడెక్కించిన ప్లాస్మాలో, సగం వ్యాసార్ధం దగ్గర కార్బన్ అయాన్ల పోలాయిడల్ (ప్లాస్మా మందాన్ని చుట్టే) వేగం సెకనుకు 8 కిలోమీటర్లు వచ్చింది. నియోక్లాసికల్ సిద్ధాంతంతో (అయాన్లు ఢీకొనడాన్నీ, క్షేత్రం ఆకారాన్నీ లెక్కలోకి తీసుకునే సిద్ధాంతంతో) నడిచే కోడ్ 2 కిలోమీటర్లే అంటోంది, అదీ ఎదురు దిశలో. అక్కడ అయాన్ల ఉష్ణోగ్రత 4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, టొరాయిడల్ (ప్లాస్మా పొడవునా తిరిగే) వేగం 180 కిలోమీటర్లు. సిద్ధాంతం విఫలమైందని థీసిస్‌లో రాయవచ్చా అని అడిగారు. (ఇక్కడి నుంచి నేను చెప్పే వేగాలన్నీ సెకనుకే.)

ఇప్పుడే రాయకండి. మీ కొలత తప్పని నేను అనడం లేదు. నిజంగానే మీరు విలువైన విషయం పట్టుకుని ఉండవచ్చు. కానీ ప్రస్తుతం మీ చేతిలో ఉన్న రెండు అంకెలూ పోల్చదగిన స్థితికి ఇంకా రాలేదు. పాతికేళ్లుగా ప్లాస్మా వర్ణపటాలతోనే పనిచేస్తున్నాను. భ్రమణ సిద్ధాంతాల పరీక్షల్లో ఎక్కువ తగాదాలు ఈ దశలోనే పుట్టడం చూశాను.

ముందు సిద్ధాంతం వైపు చూద్దాం. టోకమాక్‌ను పెద్ద చక్రపు ట్యూబుగా ఊహించుకుంటే, ట్యూబు పొడవునా తిరిగేది టొరాయిడల్ భ్రమణం, ట్యూబు మందాన్ని చుట్టి తిరిగేది పోలాయిడల్ భ్రమణం. పొడవునా వెళ్లే అయానుకు అడ్డు లేదు, ఎందుకంటే ఆ దిశలో క్షేత్రం అంతటా ఒకేలా ఉంటుంది. మందాన్ని చుట్టివచ్చే అయాను మాత్రం ట్యూబు లోపలి అంచు దగ్గర బలమైన క్షేత్రాన్ని, బయటి అంచు దగ్గర బలహీనమైన క్షేత్రాన్ని దాటాలి. అంటే ప్రతి చుట్టులోనూ ఒక అయస్కాంత గుట్టను ఎక్కి దిగాలి. అభిఘాతాలతో (అయాన్లు ఒకదాన్నొకటి ఢీకొనడంతో) కలిసి ఈ గుట్ట బ్రేకులా పనిచేస్తుంది. అందుకే పోలాయిడల్ భ్రమణం అయాన్ల అభిఘాత కాలంలోనే సద్దుమణిగి, ఉష్ణోగ్రత ప్రవణత (దూరంతో ఉష్ణోగ్రత మారే రేటు) కోరినంత విలువ దగ్గర ఆగిపోతుందని నియోక్లాసికల్ సిద్ధాంతం చెబుతుంది. ఈ లెక్కలో టర్బులెన్స్ (ప్లాస్మాలోని అల్లకల్లోల కదలికల) ప్రసక్తి లేదు. ప్రధాన అయాన్ల విషయంలో సూత్రం చాలా శుభ్రమైనది: పోలాయిడల్ వేగం ఉష్ణోగ్రత ప్రవణతకు అనులోమానుపాతం, విద్యుత్ క్షేత్రం ఊసే ఉండదు. అభిఘాతాలు తక్కువగా ఉన్న బనానా స్థితిలో ఆ గుణకం సుమారు 1.17. అభిఘాతాలు పెరిగితే గుణకం గుర్తే తిరగబడుతుంది.

అయితే మీరు చూసింది ప్రధాన అయాన్లైన డ్యుటీరియాన్ని కాదు, మలినమైన కార్బన్‌ను. మలిన అయాన్లకు 1991లో కిమ్, డైమండ్, గ్రోబ్నర్ ఇచ్చిన సూత్రాన్ని తీసి ఒకసారి చేత్తో లెక్క వేయండి. అందులో ఉష్ణోగ్రత ప్రవణత పదం, ప్రధాన అయాన్ల పీడన ప్రవణత పదం, కార్బన్ పీడన ప్రవణత పదం ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబడతాయి. మీ పరిస్థితుల్లో, ప్రవణత పొడవు (ఉష్ణోగ్రత, పీడనం చెప్పుకోదగ్గంతగా మారే దూరం) 20 సెంటీమీటర్లు అనుకుంటే, ప్రధాన అయాన్ల పదాలు ఒక్కొక్కటి 10 కిలోమీటర్ల స్థాయిలో ఉంటాయి. కోడ్ ఇచ్చిన 2 అనేది ఈ పెద్ద అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలిన శేషం. మీ ఉష్ణోగ్రత ప్రవణతలో 20 శాతం అనిశ్చితి ఉంటే శేషం 2 కాస్తా 4 కావచ్చు, 0 కావచ్చు. పీడన ప్రవణతలోని అనిశ్చితి కూడా తోడైతే దాని దిశ కూడా మారవచ్చు. కోడ్ అంకెకు మీరు దోష పరిధి ఇవ్వలేదు. కోడ్‌కు అందించిన ప్రొఫైళ్లను వాటి అనిశ్చితి లోపల కదుపుతూ కనీసం వంద సార్లు నడపండి. అప్పుడు వచ్చే పట్టీయే సిద్ధాంతం జోస్యం. ఒంటరి గీతను ఎప్పుడూ జోస్యంగా తీసుకోకండి.

ఇక కొలత. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా అనుభవమంతా ఇక్కడిదే.

మీరు చూస్తున్న కాంతి ఇలా పుడుతుంది. పూర్తిగా ఎలక్ట్రాన్లు కోల్పోయిన కార్బన్ అయాను, కిరణపుంజంలోని తటస్థ డ్యుటీరియం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. ఆ ఎలక్ట్రాన్ పై కక్ష్య నుంచి దిగుతూ, ఎనిమిదో స్థాయి నుంచి ఏడో స్థాయికి పడేటప్పుడు 529 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి వదులుతుంది. అయాను కదలిక వల్ల ఆ రేఖ జరుగుతుంది. 1 కిలోమీటరు వేగానికి జరిగేది సుమారు 1.8 పికోమీటర్లు. అదే రేఖ 4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వేడిలో సగం ఎత్తు దగ్గర 740 పికోమీటర్ల వెడల్పుంటుంది. అంటే కోడ్ చెప్పిన 2 కిలోమీటర్లను చూడాలంటే, గుట్టలా పరుచుకున్న రేఖ శిఖరం దాని వెడల్పులో 200వ వంతు జరిగిందా లేదా అని తేల్చాలి. ఫోటాన్లు సరిపడా ఉంటే గణాంకపరంగా అది సాధ్యమే. అసలు ప్రమాదం క్రమదోషాలతోనే, అంటే కొలతలన్నిటినీ ఒకే వైపు లాగే దోషాలతోనే.

మీ నిలువు దృష్టి రేఖ కచ్చితంగా నిలువుగా ఉందా? ఒక్క డిగ్రీ వాలినా 180 కిలోమీటర్ల టొరాయిడల్ వేగంలోంచి 3 కిలోమీటర్లు మీ పోలాయిడల్ కొలతలోకి కారిపోతాయి. ఒక్క డిగ్రీ అంటే కటకం పట్టీ మరలు బిగించడంలో వచ్చేంత తేడా. కాబట్టి డ్రాయింగులోని కోణాన్ని నమ్మకండి. యంత్రం తెరిచినప్పుడు ఫైబర్ల వెనుక నుంచి కాంతి పంపి, ఆ చుక్కలు లోపల ఎక్కడ పడుతున్నాయో కొలిచి రాసుకోండి.

తరంగదైర్ఘ్యం క్రమాంకనం మరో గండం. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో పోలాయిడల్ వేగం ఉదయం షాట్ల నుంచి సాయంత్రం షాట్లకు 3 కిలోమీటర్లు పెరుగుతూ వచ్చింది. గోడలు శుభ్రపడుతున్నాయనీ, మలినాల సాంద్రత మారుతోందనీ రెండు వారాలు కారణాలు వెతికాం. చివరికి తేలింది స్పెక్ట్రోమీటర్ గది వేడెక్కుతోందని. గ్రేటింగ్ అమరిక కొద్దిగా వ్యాకోచించి, రేఖ డిటెక్టర్ మీద పావు పిక్సెల్ జరిగింది. అప్పటి నుంచి ప్రతి షాటుకు ముందూ తరువాతా నియాన్ దీపం వెలిగించడం అలవాటు చేసుకున్నాం. మీరూ అలాగే చేయండి. వీలైతే ఒకే బిందువును పై నుంచీ కింది నుంచీ చూసే జంట దృష్టి రేఖలు పెట్టుకోండి. నిజమైన వేగం ఆ రెండింటిలో ఎదురెదురు గుర్తులతో కనిపిస్తుంది, క్రమాంకన దోషం మాత్రం ఒకే గుర్తుతో వస్తుంది. రెండింటినీ తీసివేస్తే ఆ దోషం పోతుంది.

కానీ జంట రేఖలతో కూడా పోని దోషం ఒకటుంది. మీ ఎనిమిదిలో పెద్ద భాగం అదేనని నా అనుమానం. ఎలక్ట్రాన్‌ను లాక్కునే సంభావ్యత అయానుకూ కిరణపుంజానికీ మధ్య సాపేక్ష వేగం మీద ఆధారపడుతుంది. అందువల్ల పుంజానికి ఎదురుగా వస్తున్న అయాన్లు, పుంజంతో పాటు పోతున్న అయాన్ల కంటే భిన్నమైన నిష్పత్తిలో వెలుగుతాయి. అయాన్ల గుంపు మొత్తం నిశ్చలంగా ఉన్నా, వెలిగే అయాన్ల సగటు వేగం సున్నా కాదు. పుంజం దిశలో ఒక మిథ్యా వేగం కనిపిస్తుంది. పుంజం అడ్డంగా పోతుంది, మీ దృష్టి రేఖ నిలువుగా ఉంది, కాబట్టి ఇది మీకు తగలకూడదు కదా అనిపిస్తుంది. తగులుతుంది. ఎలక్ట్రాన్ లాక్కున్న తరువాత కాంతి వదిలే వరకు నానోసెకను స్థాయి వ్యవధి ఉంటుంది. ఆ లోపల అయాను క్షేత్రం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. 2 టెస్లాల్లో ఒక నానోసెకనుకు నాలుగైదు డిగ్రీలు తిరుగుతుంది. అడ్డంగా ఉన్న మిథ్యా వేగంలో కొంత ఆ మేరకు నిలువుకు మళ్లుతుంది. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఈ దోషం పెరుగుతుంది, వేడి ప్లాస్మాలో కొన్ని కిలోమీటర్లకు చేరుతుంది. పై నుంచి చూసినా కింది నుంచి చూసినా ఇది నిజమైన వేగంలాగే ప్రవర్తిస్తుంది. మీరు పంపిన వివరాల్లో దీన్ని తీసివేసే సవరణ (గైరో సవరణ) చేసినట్టు ఎక్కడా లేదు. ఈ ఒక్కటీ చేశాకే మనం ముందుకు మాట్లాడుకోగలం.

ఈ సవరణలన్నీ జాగ్రత్తగా చేసిన వాళ్లకు ఏం దొరికిందో చూస్తే, మీ ఫలితం ఎందుకు అంత తేలికగా కొట్టివేయలేనిదో కూడా తెలుస్తుంది. 2005లో బ్రిటన్‌లోని జెట్ టోకమాక్‌లో అంతర్గత రవాణా అవరోధం (వేడి బయటికి కారడం బాగా తగ్గే పొర) ఉన్న చోట కార్బన్ పోలాయిడల్ వేగం నియోక్లాసికల్ జోస్యం కంటే దాదాపు పది రెట్లు ఎక్కువగా కనిపించింది. 2006లో అమెరికాలోని డీ-త్రీ-డీ టోకమాక్‌లో సోలమన్ బృందం, గైరో సవరణలన్నీ చేసి, విద్యుత్ క్షేత్రాన్ని వేరే పద్ధతితో కూడా సరిచూసి, కొలిచిన వేగాలు జోస్యం కంటే బాగా ఎక్కువని ప్రకటించింది. అదే సమయంలో గోళాకార టోకమాక్‌లు మరో కథ చెప్పాయి. బ్రిటన్‌లోని మాస్ట్‌లో, ఆ తరువాత 2010లో అమెరికాలోని ఎన్‌ఎస్‌టీఎక్స్‌లో పోలాయిడల్ వేగం దోష పరిధి లోపల సిద్ధాంతంతో సరిపోయింది. ఎన్‌ఎస్‌టీఎక్స్‌లో క్షేత్రం అప్పట్లో అర టెస్లా ప్రాంతంలోనే ఉండేది. అంటే అయాను కాంతి వదిలేలోపు తిరిగే కోణం తక్కువ, గైరో సవరణ చిన్నది. అలాంటి యంత్రంలో వచ్చిన ఏకీభావానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. అలాగని డీ-త్రీ-డీ ఫలితాన్ని పక్కన పెట్టలేను, వాళ్లు స్వతంత్ర సాక్ష్యం చూపించారు కాబట్టి.

మీరూ ఆ స్వతంత్ర సాక్ష్యం వెతకాలి. మొదటిది రేడియల్ బలాల సమతుల్యం. ఏ అయాను జాతికైనా రేడియల్ విద్యుత్ క్షేత్రం మూడు పదాల కలయిక: పీడన ప్రవణత, టొరాయిడల్ వేగం ఇంటూ పోలాయిడల్ క్షేత్రం, పోలాయిడల్ వేగం ఇంటూ టొరాయిడల్ క్షేత్రం. మీ పోలాయిడల్ క్షేత్రం 0.3 టెస్లాలు అనుకుంటే, టొరాయిడల్ భ్రమణం ఇచ్చే క్షేత్రం మీటరుకు 54 కిలోవోల్టులు. మీ 8 నిజమైతే పోలాయిడల్ పదం 16 కిలోవోల్టులు, కోడ్ 2 నిజమైతే ఎదురు గుర్తుతో 4 కిలోవోల్టులు. రెండింటి మధ్య తేడా మీటరుకు 20 కిలోవోల్టులు. మీ యంత్రంలో మోషనల్ స్టార్క్ పరికరం (కిరణపుంజం వదిలే కాంతి నుంచి క్షేత్రాలను కొలిచేది) ఉంటే, వేర్వేరు కోణాల దృష్టి రేఖలతో విద్యుత్ క్షేత్రాన్ని విడిగా రాబట్టి ఈ తేడాను తేల్చవచ్చు.

రెండోది నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి. ఇందులో పోలాయిడల్ వేగాన్ని నేరుగా కొలవనే కొలవం. ఒకే అయస్కాంత తలం మీద, ట్యూబు బయటి అంచు దగ్గరా లోపలి అంచు దగ్గరా టొరాయిడల్ వేగాన్ని కొలుస్తాం. పోలాయిడల్ ప్రవాహం లేకపోతే ఆ తలం మొత్తం గట్టి చక్రంలా తిరగాలి, వేగం వ్యాసార్ధానికి అనులోమానుపాతంలో ఉండాలి. పోలాయిడల్ ప్రవాహం ఉంటే ఆ నియమం చెదురుతుంది, ఎంత చెదిరిందన్నదే పోలాయిడల్ వేగం లెక్క చెబుతుంది. మీ యంత్రం అక్షం 1.7 మీటర్ల దగ్గర, ఆ తలం అంచులు 2.0, 1.4 మీటర్ల దగ్గర ఉన్నాయనుకుని వేసి చూశాను. పోలాయిడల్ వేగం 8 అయితే లోపలి అంచు దగ్గర టొరాయిడల్ వేగం చక్రం లెక్క కంటే 33 కిలోమీటర్లు తేడాగా ఉంటుంది. కోడ్ మాటే నిజమైతే ఎదురు వైపు 8 కిలోమీటర్లు. నాలుగు రెట్ల ఆవర్ధనం! 10 కిలోమీటర్ల తేడా కోసం నిలువు రేఖలతో తంటాలు పడే బదులు, 41 కిలోమీటర్ల తేడాను అడ్డ రేఖలతో చూడవచ్చు. లోజాన్‌లోని టీసీవీ యంత్రంలో ఇదే పద్ధతితో కొలిచినప్పుడు ఫలితం నియోక్లాసికల్ జోస్యంతో సరిపోయింది. ఒక్క జాగ్రత్త: కార్బన్ సాంద్రత తలమంతటా సమంగా ఉందన్నది ఇందులోని ఊహ. వేగంగా తిరిగే ప్లాస్మాలో అపకేంద్ర బలం భారీ మలినాలను బయటి అంచుకు నెడుతుంది. కార్బన్‌కు ఆ ప్రభావం చిన్నదే అయినా లెక్కలో పెట్టండి.

మీ కోడ్ సిద్ధాంతాన్ని పూర్తిగా అమలు చేస్తోందా అని కూడా అడగాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని హెచ్‌ఎస్‌ఎక్స్ స్టెల్లరేటర్ (మెలికలు తిరిగిన తీగచుట్టలతో ప్లాస్మాను బంధించే యంత్రం) దీనికి మంచి పాఠం. అక్కడ 20 కిలోమీటర్ల దాకా ప్రవాహాలు కొలిచారు. అభిఘాతాల్లో ద్రవ్యవేగం నిలవ ఉండాలన్న నియమాన్ని వదిలేసిన లెక్క ఆ ప్రవాహాన్ని పదో వంతుకు తక్కువ చేసి చూపింది. ఆ నియమాన్ని చేర్చి లెక్కిస్తే ప్లాస్మా బయటి సగంలో కొలతతో బాగా కలిసింది. కొలత మారలేదు, సిద్ధాంతం మారలేదు, మధ్యలో చేసిన ఉజ్జాయింపు ఒక్కటే మారింది. అదే ప్రయోగంలో రేడియల్ విద్యుత్ క్షేత్రం మాత్రం రెండు లెక్కల్లోనూ కొలత కంటే తక్కువే వచ్చింది. ఒక రాశి కలిసి మరొకటి కలవకపోవడం, సమస్య ఎక్కడుందో వెతకడానికి మంచి ఆనవాలు.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా విభేదం మిగిలితే? మిగలవచ్చు, అందుకే మీ ఫలితం మీద నాకు ఆసక్తి. డీ-త్రీ-డీలో గ్రియర్సన్ బృందం కార్బన్‌ను పక్కన పెట్టి నేరుగా డ్యుటీరియం కాంతినే విశ్లేషించింది. బయటి టార్క్ (తిప్పే బలం) చాలా తక్కువగా ఉన్న ప్లాస్మాల్లో ప్రధాన అయాన్ల టొరాయిడల్ వేగం కొలిచి, బలాల సమతుల్యంతో పోలాయిడల్ వేగం రాబట్టారు. కొలిజనాలిటీ (అభిఘాతాలు ఎంత తరచుగా జరుగుతాయో చెప్పే సంఖ్య) 0.1 కంటే తగ్గినప్పుడు పోలాయిడల్ ప్రవాహం నియోక్లాసికల్ విలువను మించిపోయింది, కొలిజనాలిటీతో అది మారే తీరు కూడా జోస్యం కంటే నిటారుగా ఉంది. నన్ను ఒప్పించింది ఈ వాలే. ఒక్క బిందువు దగ్గర నాలుగు రెట్ల తేడాను క్రమదోషం ఒక్కటే పుట్టించగలదు. ఒక రాశిని మారుస్తూ పోతే తేడా క్రమపద్ధతిలో పెరగడాన్ని అలా కొట్టివేయడం కష్టం. అభిఘాతాలు తగ్గితే బ్రేకు బలహీనపడుతుంది, టర్బులెన్స్ ఇచ్చే తోపుకు ఎదురు తగ్గుతుంది. అందువల్ల విభేదం అక్కడే బయటపడడం భౌతికంగా కూడా నమ్మదగినదే. కాబట్టి మీ తరువాతి ప్రయోగ దినాన ఒకే షాటును పదే పదే తీయకండి. సాంద్రత మారుస్తూ కొలిజనాలిటీని కనీసం అయిదు రెట్ల పరిధిలో జరపండి. ఎక్కువ కొలిజనాలిటీ దగ్గర సిద్ధాంతంతో కలిసి, తక్కువ దగ్గర విడిపోతే మీ థీసిస్‌కు గట్టి అధ్యాయం దొరికినట్టే. అన్ని చోట్లా ఒకే 10 కిలోమీటర్ల తేడా వస్తే మళ్లీ కటకం దగ్గరికి వెళ్లండి.

మంచి పరీక్ష ఎలా ఉంటుందో చెప్పడానికి నేను విద్యార్థులకు ఎప్పుడూ చూపే ఉదాహరణ మరొకటి ఉంది. టోకమాక్ సౌష్ఠవాన్ని చెడగొట్టే నిశ్చల అయస్కాంత క్షేత్రాన్ని బయటి నుంచి పెడితే తిరిగే ప్లాస్మా నెమ్మదించాలని ఎవరికైనా తోస్తుంది. నిశ్చల క్షేత్రం దేన్నైనా ఎలా తిప్పగలదు? కానీ సిద్ధాంతం వేరే మాట చెప్పింది: ఆ క్షేత్రం ప్లాస్మాను సున్నా వైపు లాగదు, విద్యుత్ ప్రవాహానికి ఎదురు దిశలో ఉన్న ఒక నిర్దిష్ట వేగం వైపు లాగుతుంది. అంటే దాదాపు ఆగి ఉన్న ప్లాస్మాను నిశ్చల క్షేత్రం తిప్పడం మొదలుపెట్టాలి. 2008లో డీ-త్రీ-డీలో గారోఫాలో బృందం సరిగ్గా దీన్నే పరీక్షించింది. నెమ్మదిగా తిరుగుతున్న ప్లాస్మా, క్షేత్రం పెట్టగానే ఎదురు దిశలో వేగం పుంజుకుంది. ఇక్కడ పరిమాణం రెండు రెట్లు అటూ ఇటూ అయినా పరవాలేదు, దిశే తీర్పు చెబుతుంది. దీపం క్రమాంకనం స్థిరంగా కొంత చెడినా, వేగం ఏ దిశలో మారిందన్నది తిరగబడదు.

టొరాయిడల్ భ్రమణం గురించి కూడా చివర్లో అడిగారు. క్లుప్తంగా చెబుతాను. సౌష్ఠవం ఉన్న టోకమాక్‌లో దానికి నియోక్లాసికల్ బ్రేకు దాదాపు లేదు. దాన్ని నిర్ణయించేది టర్బులెన్స్. 2007లో పీటర్స్, ఆంజియోని, స్ట్రింట్సీ కోరియోలిస్ ప్రభావం వల్ల ద్రవ్యవేగం లోపలికి లాక్కోబడుతుందని జోస్యం చెప్పారు. కిరణపుంజాన్ని ఆపుతూ వెలిగిస్తూ ఆ తరంగం లోపలికి ఎలా ప్రయాణిస్తుందో చూసిన ప్రయోగాలు ఆ లాగుడును చాలావరకు బలపరిచాయి. అంతకంటే కష్టమైనది, బయటి టార్క్ లేకుండానే పుట్టే స్వయం భ్రమణం. అమెరికాలోని అల్కేటర్ సీ-మాడ్ టోకమాక్‌లో కేవలం రేడియో తరంగాలతో వేడెక్కిన ప్లాస్మా కూడా తిరిగింది. టీసీవీలో సాంద్రత కొద్దిగా మారగానే భ్రమణం దిశే తిరగబడింది. ఫ్రాన్స్‌లో కడుతున్న భారీ అంతర్జాతీయ టోకమాక్ ఈటర్‌కు ఇది ప్రాణప్రదమైన విషయం. అక్కడ పెట్టాలనుకున్న కిరణపుంజం శక్తి 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఒకే వాటేజీకి దొరికే టార్క్ పుంజం వేగానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, నేటి 80 వేల వోల్టుల పుంజాలతో పోలిస్తే అదే పరపతి దూరానికి (యంత్రం అక్షం నుంచి పుంజం పోయే దూరానికి) వాటుకు మూడున్నర రెట్లు తక్కువ టార్క్ వస్తుంది. ప్లాస్మా మాత్రం ఎంతో బరువైనది. అంత పెద్ద యంత్రంలో ఎంత భ్రమణం మిగులుతుందో చెప్పాలంటే ఈ సిద్ధాంతాలను నమ్మదగిన స్థాయికి తేవాలి. మీరు ఒక్క రేఖ మీద పడుతున్న శ్రమకు అంత విలువ ఉంది.

ఇప్పుడు మీరు చేయవలసింది: ముందు గైరో సవరణ వేయండి, దృష్టి రేఖల కోణాలు మళ్లీ కొలవండి, కోడ్ పట్టీ గీయండి. సాంద్రత మార్పు ప్రయోగానికి ముందే, ఏ తేడా వస్తే విభేదమని ఒప్పుకుంటారో, ఏది వస్తే ఏకీభావమంటారో కాగితం మీద రాసి మీ మార్గదర్శకులకు ఇవ్వండి. సవరించిన తరువాతి వేగం, ఆ బిందువు దగ్గరి కొలిజనాలిటీ, కిరణపుంజం శక్తి, ఈ మూడూ ఇక్కడ రాస్తే మిగతా లెక్క కలిసి వేద్దాం.